తెలుగూ ఒడియా ఒకే శుభలేఖలో: స్క్రైబస్‌ను సోర్సు నుంచి బిల్డ్ చేసుకోవడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం డీటీపీ షాపులకు వచ్చే శుభలేఖల్లో చాలావాటికి రెండు లిపులు కావాలి. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా. తెలుగును అను ఫాంట్లలో, ఒడియాను ఆకృతి ఫాంట్లలో కొట్టి పేజ్‌మేకర్‌లో అతికించడం పాత పద్ధతి. యూనికోడ్‌లో రెండింటినీ ఒకే పేజీలో పెట్టి, ప్రెస్సుకు పంపదగ్గ సీఎంవైకే (నాలుగు సిరాల అచ్చు రంగుల) పీడీఎఫ్ తీయగల ఉచిత ప్రోగ్రాం స్క్రైబస్.

ఇక్కడ వెర్షన్ ముఖ్యం. 1.4 వరుసలో తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ 1.5.3తో స్క్రైబస్‌లోకి వచ్చింది. ఒమన్‌లోని ఓపెన్‌సోర్స్ బృందం అరబిక్ కోసం చేసిన ఆ పని వల్లే మన లిపులు కూడా నిలబడ్డాయి. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12 ఇచ్చేది 1.5.8. అది అభివృద్ధి వరుసలోది. నిలకడైన 1.6 వరుస 2024 జనవరిలో మొదలైంది. 1.7 మళ్లీ అభివృద్ధి వరుసే, అది క్యూటీ 6 (కిటికీలు, మెనూలు గీసే లైబ్రరీ) మీద నడుస్తుంది. గిరాకీ పనికి దాన్ని వాడకండి.

1.6ను ఒక్కసారి చూద్దామనుకుంటే స్క్రైబస్ వాళ్లే ఇచ్చే యాప్‌ఇమేజ్ (ఎక్కించకుండానే నడిచే ఒకే ఫైలు) దించుకుంటే చాలు, బిల్డ్ (కోడ్ నుంచి మనమే కంపైల్ చేసుకోవడం) అక్కర్లేదు. కాకపోతే దానిలో ఏ లైబ్రరీ ఏ వెర్షనో వాళ్లు పెట్టినదే, మీరు మార్చలేరు. హార్ఫ్‌బజ్‌ను మార్చుకోవాలన్నా, ఒక సవరణ కలుపుకోవాలన్నా, షాపులోని నాలుగు మెషీన్లలో ఒకే రకంగా పెట్టుకోవాలన్నా సోర్సు నుంచి బిల్డ్ చేయాల్సిందే. కింద చెప్పేదంతా 64 బిట్ డెబియన్ 12 మీద.

ఆదేశాలను తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. టెర్మినల్లో ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. స్పేసులు, హైఫన్లు, స్లాష్‌లు, చుక్కలు ఉన్నవి ఉన్నట్టే రావాలి. పెద్దక్షరాలని ప్రత్యేకంగా చెప్పని చోట అన్నీ చిన్నక్షరాలే.

మెషీన్ సిద్ధం చేయడం

4 జీబీ ర్యామ్‌తో పని జరుగుతుంది, 8 ఉంటే సుఖం. డిస్కులో కనీసం 5 జీబీ ఖాళీ ఉంచండి. విండోస్‌తో పంచుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌లో బిల్డ్ చేయకండి. అక్కడ ఫైళ్ల అనుమతులు సరిగా నిలవవు, స్క్రిప్టులు మధ్యలో ‘పర్మిషన్ డినైడ్’ అంటాయి. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు గానీ తెలుగు అక్షరాలు గానీ వద్దు.

ముందు గడియారం చూడండి. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటుంది. తేదీ తప్పైతే, ప్యాకేజీలు దించి ఎక్కించే ఆప్ట్ ‘రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు’ అంటుంది, సైట్లు సర్టిఫికెట్ తప్పంటాయి, బిల్డ్ నడిపే నింజా ఏ ఫైలు కొత్తదో తేల్చుకోలేక చేసిన పనే మళ్లీ చేస్తుంది. ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ మందు ఒక్కటే: కొత్త బ్యాటరీ వేసి టైము సరిచేయడం.

ఇక పనిముట్లు:

సుడో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ సీమేక్ నింజా-బిల్డ్ మీసన్ పీకేజీ-కాన్ఫిగ్ గోస్ట్‌స్క్రిప్ట్

గోస్ట్‌స్క్రిప్ట్ బిల్డ్‌కు అవసరం లేదు. ఈపీఎస్ బొమ్మలు తెరవడానికీ ప్రింట్ ప్రివ్యూకీ స్క్రైబస్ దాన్ని వెతుకుతుంది కాబట్టి ఇప్పుడే పెట్టుకోండి.

స్క్రైబస్‌కు కావాల్సిన లైబ్రరీల జాబితా పెద్దది: క్యూటీ 5, కైరో, ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్, ఐసీయూ, లిటిల్‌సీఎంఎస్, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2, పాప్లర్, పోడోఫో, హన్‌స్పెల్, కప్స్, బూస్ట్, ఇంకా పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, పబ్లిషర్ ఫైళ్లు తెరిచే చిన్నచిన్న లైబ్రరీలు. ఒక్కొక్కటీ వెతకక్కర్లేదు. డెబియన్ తన 1.5.8ను బిల్డ్ చేయడానికి వాడిన జాబితానే మనకూ సరిపోతుంది:

సుడో ఆప్ట్-గెట్ బిల్డ్-డెప్ స్క్రైబస్

‘డెబ్-ఎస్ఆర్‌సీ’ వరసలు లేవని ఇది ఆగిపోతే, ఈటీసీ/ఆప్ట్ ఫోల్డర్లోని సోర్సెస్.లిస్ట్ ఫైలు తెరవండి. ‘డెబ్’తో మొదలయ్యే ప్రతి వరసనూ కింద ఇంకోసారి రాసి, మొదటి మాటను ‘డెబ్-ఎస్ఆర్‌సీ’గా మార్చండి. ఆప్ట్-గెట్ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

దిగేది కొన్ని వందల ఎంబీ. ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడే చోట ఇది లెక్కలోకి వస్తుంది. మంచి నెట్ ఉన్న చోటికి ఒక ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, అదే ఆదేశానికి చివర ‘-డీ’ చేర్చండి (చిన్నక్షరం). అప్పుడు ప్యాకేజీలు దిగుతాయి గానీ ఎక్కవు. అన్నీ వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్ ఫోల్డర్లో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి మిగతా మెషీన్లలో అదే ఫోల్డర్లో పెట్టి, వాటిలోనూ బిల్డ్-డెప్ నడిపితే నెట్ దాదాపు ఖర్చు కాదు. ఇక్కడ ఆప్ట్ కాకుండా ఆప్ట్-గెట్ వాడమనడానికి కారణం ఉంది. ఉత్త ‘ఆప్ట్’ తాను దించిన ప్యాకేజీలను ఎక్కించాక చెరిపేస్తుంది, ‘ఆప్ట్-గెట్’ ఉంచుతుంది.

ఏది బిల్డ్ చేయాలి, ఏది వద్దు

‘అన్నీ సోర్సు నుంచే’ అనే ఉత్సాహం చాలామందిని రెండు రోజులు తిప్పి వదిలేస్తుంది. ముఖ్యంగా క్యూటీ జోలికి పోకండి. అది స్క్రైబస్ కన్నా చాలా పెద్దది. పైగా సొంత క్యూటీకి మీ కీబోర్డు పద్ధతి తాలూకు ప్లగిన్ దొరక్క, ఐబస్‌లో (భాషల టైపింగ్ ప్రోగ్రాం) తెలుగు కొడితే ఇంగ్లిషు పడుతుంది. కైరో, ఫ్రీటైప్, ఐసీయూ, పాప్లర్ కూడా డెబియన్ ఇచ్చినవే ఉండనివ్వండి. మన రెండు లిపుల సంగతి తేల్చేది హార్ఫ్‌బజ్ ఒక్కటే కాబట్టి, అవసరం ఉంటే దాన్నొక్కదాన్నే బిల్డ్ చేయాలి. ఆ అవసరం ఉందో లేదో ఊహించొద్దు, పరీక్షించండి.

లిబ్‌హార్ఫ్‌బజ్-బిన్ ప్యాకేజీ ఎక్కిస్తే హెచ్‌బీ-వ్యూ, హెచ్‌బీ-షేప్ అనే రెండు చిన్న పనిముట్లు వస్తాయి. స్క్రైబస్ ప్రమేయం లేకుండా ఒక ఫాంట్, ఒక మాట తీసుకుని హార్ఫ్‌బజ్ దాన్ని ఎలా కూరుస్తుందో ఇవి చూపిస్తాయి.

హెచ్‌బీ-వ్యూ --అవుట్‌పుట్-ఫైల్=పరీక్ష.పీఎన్‌జీ ఫాంట్‌ఫైలు "రాజ్యలక్ష్మి"

(ఫైలు పేరు మీ ఇష్టం. కోట్లలోని మాటను మాత్రం తెలుగులోనే టైపు చేయాలి.) ‘స్త్రీ’, ‘జ్ఞానేశ్వరి’, ‘వైశాఖ శుద్ధ ద్వాదశి’, ‘కర్త్రు’ లాంటివి పెట్టి చూడండి. ఒడియా లిపిలో లక్ష్మీ, జగన్నాథ, బ్రహ్మపుర అనే మాటలు పెట్టండి. షాపులో నిజంగా వాడే ప్రతి ఫాంట్‌తోనూ చేయండి, ఒక్క ఫాంట్‌తో సరిపెట్టొద్దు. ఫాంట్లు లేకపోతే ఫాంట్స్-నోటో-కోర్ ప్యాకేజీలో నోటో తెలుగు, ఒడియా ఉంటాయి. ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రాలో పోతన, వేమన ఉంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, గిడుగు ఉచితంగా దొరుకుతాయి. ఆ చివరిది పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు అంత సేవ చేసిన గిడుగు రామమూర్తి గారి పేరు మీదిది. ఈ ప్రాంతపు శుభలేఖ మీద ఆ అక్షరం ఉండటం ఎంతో తగిన పని.

సవర మాటలకు సొరంగ్ సొంపెంగ్ లిపి వాడే వాళ్లు మీ గిరాకీలో ఉంటే దాన్నీ పరీక్షించండి. మంగేయ్ గొమాంగో 1936లో రూపొందించిన ఆ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. దానికి ఒత్తుల చిక్కు లేదు, నోటోలో ఫాంట్ కూడా ఉంది.

బొమ్మలో చుక్కల వలయం కనిపిస్తే హార్ఫ్‌బజ్ ఆ వరసను చెల్లని అక్షరంగా చూస్తోందని అర్థం. చాలాసార్లు టైపింగ్‌లో గుణింతం గుర్తు, ఒత్తు వరస తారుమారు కావడమే కారణం. ఖాళీ పెట్టె వస్తే ఫాంట్‌లో ఆ అక్షరం లేదు, హెచ్‌బీ-షేప్ దాన్ని జీఐడీ0 అనో నాట్‌డెఫ్ అనో చూపిస్తుంది. ఈ రెండింటికీ కొత్త హార్ఫ్‌బజ్ మందు కాదు. టైపింగ్ సరిగా ఉండి, ఫాంట్‌లో అక్షరాలూ ఉండి, ఒత్తు మాత్రం తప్పు చోట పడుతుంటేనే కొత్త వెర్షన్ ఆలోచించండి. డెబియన్ 12లో ఉన్న 6.0.0 చాలావరకు సరిపోతుంది. ఉబుంటు 20.04 మీద ఉండిపోయిన మెషీన్లలో 2.6.4 ఉంటుంది, అక్కడ తేడా కనిపించే అవకాశం ఎక్కువ. పరీక్ష బాగుంటే తర్వాతి భాగం వదిలేసి స్క్రైబస్ దగ్గరికి వెళ్లిపోండి.

హార్ఫ్‌బజ్

ఏం బిల్డ్ చేసినా అన్నీ ఒకే ఫోల్డర్లోకి చేరాలి, సిస్టం ఫోల్డర్లలో కలవకూడదు. యూఎస్ఆర్/లోకల్‌లో పెడితే మీ హార్ఫ్‌బజ్‌ను మిగతా ప్రోగ్రాములన్నీ తీసుకుంటాయి. రేపు ఏదో చెడితే ఎక్కడ చెడిందో దొరకదు. అందుకని:

సుడో ఎంకేడీర్ /ఆప్ట్/స్క్రైబస్16
సుడో సీహెచ్‌ఓన్ $యూజర్ /ఆప్ట్/స్క్రైబస్16

ఇక్కడి ‘ఆప్ట్’ ఓ, పీ, టీ అక్షరాల ఫోల్డర్, ప్యాకేజీల ఆప్ట్ కాదు. యూజర్ పెద్దక్షరాల్లో. ఫోల్డర్ మీ పేరు మీద ఉంది కాబట్టి ఇకపై బిల్డ్‌లో ఎక్కడా సుడో అవసరం రాదు. ఏ ఆదేశమైనా సుడో అడిగితే ఏదో తప్పు చోట రాయబోతోందన్నమాట. ఆగి చూడండి.

హార్ఫ్‌బజ్ 8.3.0 సోర్సు గిట్‌హబ్‌లో దాని రిలీజుల పేజీలో టార్ ఫైలుగా ఉంటుంది. ఉబుంటు 24.04 వాడుతున్నదీ అదే, కాబట్టి బాగా నలిగిన వెర్షన్. విప్పి, ఆ ఫోల్డర్లోకి వెళ్లి:

మీసన్ సెటప్ బిల్డ్ --ప్రిఫిక్స్=/ఆప్ట్/స్క్రైబస్16 --లిబ్‌డీర్=లిబ్ --బిల్డ్‌టైప్=రిలీజ్ -డీఐసీయూ=ఎనేబుల్డ్ -డీఫ్రీటైప్=ఎనేబుల్డ్ -డీగ్లిబ్=ఎనేబుల్డ్ -డీగ్రాఫైట్2=ఎనేబుల్డ్ -డీటెస్ట్స్=డిసేబుల్డ్ -డీడాక్స్=డిసేబుల్డ్

ప్రతి ‘-డీ’ పెద్దక్షరం, దాని వెంటనే స్పేసు లేకుండా మిగతా మాట. వీటిలో ఏదీ అలంకారానికి పెట్టింది కాదు. లిబ్‌డీర్ చెప్పకపోతే డెబియన్‌లో మీసన్ లైబ్రరీని లిబ్ కింద ఇంకో ఉపఫోల్డర్లో పెడుతుంది, తర్వాత, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్‌కు అది కనబడదు. ఐసీయూ లేకపోతే హార్ఫ్‌బజ్-ఐసీయూ అనే రెండో లైబ్రరీ పుట్టదు, స్క్రైబస్‌కు అది కావాలి. గ్లిబ్ సంగతి ఇంకా మెలిక. స్క్రైబస్ నడిచేటప్పుడు దానితోపాటు పాంగో లాంటి సిస్టం లైబ్రరీలు కూడా ఎక్కొచ్చు, అవీ హార్ఫ్‌బజ్‌ను అడుగుతాయి. రెండింటి పేరూ ఒకటే కాబట్టి మీరు బిల్డ్ చేసినదే వాటికీ అందుతుంది. మీ దానిలో గ్లిబ్ భాగం లేకపోతే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని హెచ్‌బీతో మొదలయ్యే పేరు చూపించి స్క్రైబస్ తెరుచుకోకుండానే పడిపోతుంది. డెబియన్ ఏయే భాగాలతో బిల్డ్ చేసిందో మీరూ కనీసం అన్ని భాగాలతో చేయాలి.

ఫ్రీటైప్‌నూ బిల్డ్ చేద్దామనిపిస్తే వద్దు. ఫ్రీటైప్‌కు హార్ఫ్‌బజ్ కావాలి, హార్ఫ్‌బజ్‌కు ఫ్రీటైప్ కావాలి. ఒకదాన్ని సగం బిల్డ్ చేసి, రెండోదాన్ని పూర్తిచేసి, మళ్లీ మొదటిదానికి రావాలి. మన పనికి దానివల్ల ఒరిగేది లేదు.

నింజా -సీ బిల్డ్
నింజా -సీ బిల్డ్ ఇన్‌స్టాల్

(‘-సీ’ పెద్దక్షరం.) కొద్ది నిమిషాల పని. తర్వాత ఈ టెర్మినల్‌కు కొత్త లైబ్రరీ దారి చూపించండి:

ఎక్స్‌పోర్ట్ పీకేజీ_కాన్ఫిగ్_పాత్=/ఆప్ట్/స్క్రైబస్16/లిబ్/పీకేజీకాన్ఫిగ్

ఈక్వల్స్ గుర్తుకు ముందున్నదంతా పెద్దక్షరాలు. పనిచేసిందో లేదో చూడటానికి ‘పీకేజీ-కాన్ఫిగ్ --మాడ్‌వెర్షన్ హార్ఫ్‌బజ్ హార్ఫ్‌బజ్-ఐసీయూ’ కొట్టండి. రెండు వరసల్లోనూ 8.3.0 రావాలి. ఒకదానిలో 6.0.0 వస్తే ముందుకు వెళ్లకండి. ఒక వెర్షన్ హెడర్లతో (కంపైలర్ చదివే వివరాల ఫైళ్లతో) కంపైలై ఇంకో వెర్షన్ లైబ్రరీతో లింకైన ప్రోగ్రాం బయటికి బాగానే తెరుచుకుని, పని మధ్యలో పడిపోతుంది. ఇంకో సంగతి: ఈ ఎక్స్‌పోర్ట్ ఆ ఒక్క టెర్మినల్‌కే వర్తిస్తుంది. మూసి కొత్తది తెరిస్తే మళ్లీ కొట్టాలి.

స్క్రైబస్ కాన్ఫిగర్ చేయడం

సోర్స్‌ఫోర్జ్‌లోని స్క్రైబస్ పేజీ నుంచి 1.6 వరుసలో అన్నింటికన్నా కొత్త టార్ ఫైలు దించుకోండి. ‘టార్ -ఎక్స్‌ఎఫ్’తో విప్పి, లోపలికి వెళ్లి:

సీమేక్ -ఎస్ . -బీ బిల్డ్ -జీ నింజా -డీసీమేక్_బిల్డ్_టైప్=రిలీజ్ -డీసీమేక్_ఇన్‌స్టాల్_ప్రిఫిక్స్=/ఆప్ట్/స్క్రైబస్16 -డీవాంట్_హన్‌స్పెల్=1 -డీవాంట్_గ్రాఫిక్స్‌మ్యాజిక్=1

ఎస్, బీ, జీ, డీ అన్నీ పెద్దక్షరాలు. డీతో మొదలయ్యే మాటలు ఈక్వల్స్ వరకూ పెద్దక్షరాలే. నింజా, రిలీజ్ మాటల్లో మొదటి అక్షరం మాత్రమే పెద్దది. ఎస్ తర్వాతి చుక్క ‘ఈ ఫోల్డరే’ అని చెప్పడానికి, దాన్ని మరచిపోవద్దు.

ఈ బిల్డ్ గెలుస్తుందా ఓడుతుందా అన్నది తేలేది ఇక్కడే. తెర మీద దొర్లిపోయే వరసలను చదవకుండా నింజా నడపడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి. తప్పనిసరి లైబ్రరీ లేకపోతే సీమేక్ ఎర్రర్ అని ఆగిపోతుంది, అది మేలు. ప్రమాదం రెండో రకంతో. ‘నాట్ ఫౌండ్’ అని, పక్కనే ‘డిసేబ్లింగ్’ అని ఒక వరస రాసి సీమేక్ ముందుకు వెళ్లిపోతుంది. బిల్డ్ పూర్తవుతుంది, ప్రోగ్రాం తెరుచుకుంటుంది, కానీ స్పెల్ చెక్ ఉండదు, లేదా పాత పేజ్‌మేకర్ ఫైలు తెరవదు. అందుకని పైకి జరుపుకుని ‘నాట్ ఫౌండ్’ ఉన్న ప్రతి వరసా చదవండి. హన్‌స్పెల్, పాప్లర్, లిబ్‌రెవెంజ్, లిబ్‌పేజ్‌మేకర్, లిబ్‌సీడీఆర్ దొరికాయో లేదో చూసుకోండి. ఓపెన్‌సీన్‌గ్రాఫ్ లేకపోయినా ఫరవాలేదు, అది త్రీడీ పీడీఎఫ్‌లకు. పోడోఫో లేకపోతే ఇలస్ట్రేటర్ ఫైళ్లలో దాగిన పీడీఎఫ్‌ను చదవలేదు. కోరెల్, ఇలస్ట్రేటర్ బొమ్మలు వచ్చే షాపుకు అది కావాలి.

లేని లైబ్రరీ ఎక్కించాక, లేదా పీకేజీ_కాన్ఫిగ్_పాత్ మార్చాక, అదే బిల్డ్ ఫోల్డర్ మీద సీమేక్ మళ్లీ నడిపితే పాత జవాబే రావచ్చు. మొదటిసారి దొరికిన సమాధానాలను అది సీమేక్‌క్యాష్ ఫైలులో దాచుకుంటుంది. బిల్డ్ ఫోల్డర్ మొత్తం చెరిపి మొదటి నుంచి కాన్ఫిగర్ చేయండి. దీనికి పట్టేది ఒక నిమిషమే.

ఒక ప్యాకేజీ ఉందనుకుంటాం, సీమేక్ లేదంటుంది. డెబియన్‌లో లైబ్రరీ వేరు, దాన్ని వాడి కంపైల్ చేయడానికి కావాల్సిన హెడర్లు వేరు. రెండోదాని ప్యాకేజీ పేరు చివర ‘-డెవ్’ ఉంటుంది. పాప్లర్‌కు ఇంకో అడుగు ఎక్కువ: లిబ్‌పాప్లర్-ప్రైవేట్-డెవ్ అనే ప్రత్యేక ప్యాకేజీ కూడా కావాలి. బిల్డ్-డెప్ పూర్తిగా నడిచి ఉంటే ఇవన్నీ వచ్చే ఉంటాయి.

కంపైల్

నింజా -సీ బిల్డ్ -జే2 2>&1 | టీ బిల్డ్.లాగ్

‘-జే’ చిన్నక్షరం, దాని పక్కన అంకె ఒకేసారి ఎన్ని ఫైళ్లు కంపైల్ చేయాలో చెబుతుంది. చెప్పకపోతే నింజా ప్రాసెసర్‌లోని థ్రెడ్లన్నింటినీ వాడేస్తుంది. క్యూటీ వాడే పెద్ద ఫైళ్లలో ఒక్కోటి వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీ దగ్గరికి తింటుంది. 4 జీబీ మెషీన్‌లో 2, 8 జీబీలో 4 వేసుకోండి. బ్రౌజర్ మూసేయండి. పాత డ్యూయల్ కోర్ మీద గంట దాటొచ్చు.

ఎర్రర్ వస్తే తెర చివరి వరస చూడకండి. ఫైళ్లు రెండు మూడు ఒకేసారి నడుస్తుంటాయి కాబట్టి అసలు తప్పు పైనెక్కడో ఉంటుంది. ‘గ్రెప్ -ఎన్ "ఎర్రర్:" బిల్డ్.లాగ్’ కొట్టి, వచ్చిన వాటిలో మొదటిది పట్టుకోండి. మిగతావి చాలావరకు దాని పిల్లలే.

‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని ఒక హెడర్ పేరు వస్తే డెవ్ ప్యాకేజీ లేదు. ఆప్ట్-ఫైల్ ఎక్కించి ‘ఆప్ట్-ఫైల్ సెర్చ్’ పక్కన ఆ హెడర్ పేరు కొడితే ఏ ప్యాకేజీలో ఉందో చెబుతుంది.

‘కిల్డ్’ అనీ, సీసీ1ప్లస్ అనీ వస్తే ర్యామ్ అయిపోయి కెర్నెల్ కంపైలర్‌ను ఆపేసింది. కోడ్‌లో తప్పేమీ లేదు. -జే1 పెట్టి మళ్లీ నడపండి, ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’ అని ఒకసారి ఒక ఫైలు దగ్గర, ఇంకోసారి ఇంకో ఫైలు దగ్గర ఆగుతుంటే అది దాదాపు ఎప్పుడూ హార్డ్‌వేర్. ప్రాసెసర్ వేడెక్కడమో, ర్యామ్ చెడటమో. ఏప్రిల్, మే నెలల్లో మూసిన గదిలో దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో గంటసేపు పూర్తి బరువు మీద నడిపితే పాత ల్యాప్‌టాప్ తట్టుకోలేదు. ఫ్యాన్ శుభ్రం చేసి, తెల్లవారుజామున నడపండి. అయినా అదే వస్తే మెమ్‌టెస్ట్‌తో ర్యామ్ పరీక్షించండి.

ఎస్‌ఎల్‌ఏఅవుట్‌పుట్ అనే పేరున్న ఫైలులో ‘నో మ్యాచింగ్ ఫంక్షన్’ లాంటివి వస్తే పాప్లర్ గొడవ. పీడీఎఫ్ తెరవడానికి స్క్రైబస్ పాప్లర్ లోపలి హెడర్లను వాడుతుంది. వాటిని మార్చకుండా ఉంచుతామని పాప్లర్ ఎవరికీ మాట ఇవ్వలేదు. అందుకే కొత్త పాప్లర్ ఉన్న డిస్ట్రోల్లో (డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ రకాల్లో) కాస్త పాత స్క్రైబస్ సోర్సు తరచూ ఇక్కడే ఆగుతుంది. మీరు కోడ్ దిద్దనక్కర్లేదు. 1.6 వరుసలో ఇంకా కొత్త టార్ ఫైలు ఉందేమో చూడండి. లేకపోతే ఆ డిస్ట్రో వాళ్లు తమ ప్యాకేజీకి వేసిన ప్యాచ్ తీసుకోండి. డెబియన్ 12లోని 22.12తో ఈ బాధ ఉండదు.

కరెంటు పోయి మెషీన్ ఠక్కున ఆగితే నింజా చేసిన పని పోదు. అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి. సరిగ్గా ఆ క్షణంలో రాస్తున్న ఫైలు మాత్రం సున్నా సైజులో మిగిలిపోయి, చివర్లో లింకర్ ‘ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్’ అనవచ్చు. ఖాళీ ఫైళ్లను తీసేస్తే నింజా వాటిని మళ్లీ తయారుచేస్తుంది:

ఫైండ్ బిల్డ్ -నేమ్ '*.ఓ' -సైజ్ 0 -డిలీట్

ఎక్కించి, సరిచూసుకోవడం

మొదటిసారి తెరవడానికి ముందు మీ హోం ఫోల్డర్లోని .కాన్ఫిగ్/స్క్రైబస్ ఫోల్డర్‌ను వేరే చోట కాపీ తీసి ఉంచండి. పాత 1.5.8 సెట్టింగులు అందులోనే ఉంటాయి. ఆ తర్వాత:

నింజా -సీ బిల్డ్ ఇన్‌స్టాల్

హార్ఫ్‌బజ్ విడిగా బిల్డ్ చేసిన వాళ్లు వెంటనే ‘ఎల్‌డీడీ /ఆప్ట్/స్క్రైబస్16/బిన్/స్క్రైబస్ | గ్రెప్ హార్ఫ్‌బజ్’ కొట్టాలి. బాణం గుర్తు తర్వాత ఆప్ట్/స్క్రైబస్16 దారి కనిపిస్తే సరే. యూఎస్ఆర్/లిబ్ కనిపిస్తే మీ శ్రమంతా పక్కన ఉండి, పాతదే నడుస్తోంది. అలాంటప్పుడు బిన్ ఫోల్డర్లో రెండు వరసల షెల్ స్క్రిప్టు పెట్టండి. మొదటి వరసలో ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను (పెద్దక్షరాలు) /ఆప్ట్/స్క్రైబస్16/లిబ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, రెండో వరసలో స్క్రైబస్‌ను పిలవాలి. ఈ వరసను బాష్ఆర్‌సీలో మాత్రం పెట్టకండి, లాగిన్ తర్వాత నడిచే ప్రతి ప్రోగ్రాముకూ అది అంటుకుంటుంది.

మెనూలో కనిపించాలంటే షేర్/అప్లికేషన్స్‌లోని డెస్క్‌టాప్ ఫైలును మీ హోంలో .లోకల్/షేర్/అప్లికేషన్స్‌లోకి కాపీ చేసి, ‘ఎగ్జెక్’ వరసలో పూర్తి దారి రాయండి. అలా రాయకపోతే మెనూ నుంచి 1.5.8 తెరుచుకుంటుంది.

తెరిచాక హెల్ప్ మెనూలో అబౌట్ స్క్రైబస్ చూడండి. వెర్షన్ కింద బిల్డ్ ఐడీ అని హైఫన్లతో కలిపిన అక్షరాల వరస ఉంటుంది: రంగుల నిర్వహణకు సీ, ప్రింటింగ్‌కు సీ, టిఫ్‌కు టీ, ఫాంట్‌కాన్ఫిగ్‌కు ఎఫ్. ఏ అక్షరం స్థానంలోనైనా నక్షత్రం గుర్తు ఉంటే ఆ లైబ్రరీ లేకుండా బిల్డ్ అయిందని అర్థం. రంగుల సీ లేని బిల్డ్‌తో ప్రెస్సు పని చేయకూడదు. కాన్ఫిగర్ దగ్గరికి తిరిగి వెళ్లండి.

ఇప్పుడు నిజమైన శుభలేఖ పరీక్ష. ఒక టెక్స్ట్ ఫ్రేములో తెలుగు, పక్కన ఒడియా. ఐబస్‌లో రెండింటికీ ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే వేళ్ల స్థానాలు ఒకటే: తెలుగు ‘క’ ఉన్న మీటలోనే ఒడియా ‘క’ ఉంటుంది. పైన హెచ్‌బీ-వ్యూతో చూసిన మాటలే కొట్టండి. బొమ్మలో ఎలా వచ్చాయో ఇక్కడా అలాగే రావాలి. అక్కడ బాగుండి ఇక్కడ చెడితే ఎల్‌డీడీ మళ్లీ చూడండి, లేదా ఫ్రేములో నిజంగా ఆ ఫాంటే పడిందో లేదో చూడండి. తెలుగు స్పెల్ చెక్‌కు హన్‌స్పెల్-టీఈ ప్యాకేజీ ఎక్కించాలి, ఆ పేరాగ్రాఫ్ స్టైల్లో భాషను తెలుగుగా పెట్టాలి.

పీడీఎఫ్ తీసి ‘పీడీఎఫ్‌ఫాంట్స్’ ఆదేశంతో చూడండి (పాప్లర్-యుటిల్స్ ప్యాకేజీలో ఉంటుంది). ‘ఈఎంబీ’ అనే నిలువు వరసలో ప్రతి ఫాంట్‌కూ ‘యెస్’ ఉండాలి. ప్రెస్సులో మెషీన్ పాతదై ఫాంట్‌తో గొడవ పడితే, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లోని ఫాంట్స్ పేజీలో ఫాంట్లను అవుట్‌లైన్‌గా మార్చే వీలుంది. అక్షరాలు గీతలుగా మారిపోతాయి కాబట్టి ఏ మెషీన్లోనైనా అచ్చు అలాగే పడతాయి. ఆ పీడీఎఫ్‌లోంచి టెక్స్ట్ కాపీ చేయడం మాత్రం కుదరదు.

పాత పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే లేఅవుట్ వచ్చి, తెలుగు స్థానంలో అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. బిల్డ్ తప్పు కాదు. అను, ఆకృతి ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ కాదు, ఇంగ్లిషు కోడ్‌ల మీద గీసిన తెలుగు, ఒడియా రూపాలు. ముందు ఆ టెక్స్ట్‌ను యూనికోడ్‌కు మార్చి, ఆ తర్వాత ఫ్రేములో పోయాలి.

మిగతా మెషీన్లకు

ప్రతి మెషీన్‌లోనూ కంపైల్ చేయనక్కర్లేదు. ఆప్ట్/స్క్రైబస్16 ఫోల్డర్‌ను టార్‌గా చుట్టి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. విడి ఫోల్డర్‌గా కాపీ చేస్తే పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌లో అనుమతులు, లింకులు పోతాయి. రెండో మెషీన్ కూడా డెబియన్ 12 అయి ఉండాలి, అదే దారిలో విప్పాలి. దానికి కావాల్సిన లైబ్రరీలు ఒక్క దెబ్బలో రావాలంటే అక్కడ డెబియన్ స్క్రైబస్ 1.5.8ను మామూలుగా ఎక్కించండి. అది తెచ్చుకునే లైబ్రరీలే మీ 1.6కూ దాదాపు అన్నీ సరిపోతాయి. ఎల్‌డీడీలో ‘నాట్ ఫౌండ్’ ఏదైనా మిగిలితే దాన్నొక్కదాన్ని విడిగా ఎక్కించండి. ఇలా పంచుకునే ఉద్దేశం ఉంటే కంపైలర్‌కు ‘-మార్చ్=నేటివ్’ అనే సూచన ఎప్పుడూ ఇవ్వొద్దు. కొత్త ప్రాసెసర్ మీద అలా బిల్డ్ చేసినది షాపులోని పాత మెషీన్‌లో ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోతుంది.

డెబియన్ 13కు మారిన రోజు ఈ బిల్డ్ తెరుచుకోదు. లిబ్‌పాప్లర్ 126 దొరకలేదంటుంది, ఎందుకంటే ఆ అంకె డెబియన్ 12దే. పాత లైబ్రరీని తెచ్చి పెట్టడం, కొత్తదానికి పాత పేరుతో లింకు వేయడం లాంటివి చేయకండి, పీడీఎఫ్ తెరిచిన క్షణంలో పడిపోతుంది. ఐసీయూ వెర్షన్ కూడా మారుతుంది కాబట్టి ముందు హార్ఫ్‌బజ్, తర్వాత స్క్రైబస్, రెండింటినీ ఖాళీ బిల్డ్ ఫోల్డర్లతో ఇదే వరసలో మళ్లీ బిల్డ్ చేయాలి. హార్ఫ్‌బజ్‌ను విడిగా బిల్డ్ చేయని వాళ్లకు స్క్రైబస్ ఒక్కటే చాలు.